చక్రాల మీది మరుగుదొడ్డి: మరమ్మతు, నిర్వహణ

కారు వెనక తగిలించి లాక్కుపోయే ట్రైలర్ ఇల్లు, సినిమా షూటింగుల దగ్గర నిలిపే కారవాన్, రాత్రంతా నడిచే దూరప్రయాణపు రైలు పెట్టె: ఈ మూడింటిలోనూ మరుగుదొడ్డి ఉంటుంది. ఇంటి దొడ్డి కింద మురుగు గొట్టమో సెప్టిక్ ట్యాంకో ఉంటుంది కాబట్టి నీళ్లు పోసిన తర్వాత ఇంటివాళ్లకు దాని సంగతి పట్టదు. బండిలో అలా కుదరదు. విసర్జించినది కాళ్ల కింది ట్యాంకులో కూర్చుని మనిషితో పాటే ప్రయాణిస్తుంది. దాన్ని వాసన రాకుండా, ఒలకకుండా మోసుకుపోయి సరైన చోట దింపాలి. పాత ట్రైలర్ మరుగుదొడ్డిని బాగుచేయడం అంటే చాలామందికి తోచేది కారుతున్న వాషరు మార్చడం. అది పనిలో మొదటి మెట్టు మాత్రమే. బేసిన్ అడుగున ఉండే రబ్బరు సీలు దగ్గర మొదలై మలవ్యర్థాల శుద్ధి కేంద్రం దగ్గర ముగిసే వరుస మొత్తాన్నీ చూసుకుంటేనే అది మరమ్మతు అవుతుంది. ఆ వరుస మధ్యలో ఎక్కడ తెగినా మిగిలిన పని ఎవరో ఒక మనిషి చేతుల మీద పడుతుంది. మన దేశంలో ఆ చేతులు ఎవరివో అందరికీ తెలుసు.

నిర్మాణం

నీటితో కడిగే ఆధునిక మరుగుదొడ్డికి మొదటి పేటెంటు 1775లో అలెగ్జాండర్ కమ్మింగ్‌కు దక్కింది. ఆయన లండన్‌లో స్థిరపడిన స్కాట్లండ్ గడియారాల నిపుణుడు. ఆయన నమూనాలో రెండు కాపలాలు ఉన్నాయి. ఒకటి బేసిన్ అడుగున పక్కకు జరిగే పలక, రెండోది దాని కింద వంపు తిరిగిన గొట్టంలో ఎప్పుడూ నిలిచి ఉండే నీరు. మురుగులో పుట్టిన వాయువు ఆ నీటిని దాటి పైకి రాలేదు. తర్వాత ఇళ్లలో పలక పోయి వంపు గొట్టం మిగిలింది. ట్రైలర్లలో దీనికి తలకిందులుగా జరిగింది: వంపు గొట్టం పోయి పలక మిగిలింది. దీనికి కారణాలు తేలిగ్గానే అర్థమవుతాయి. బండి కుదుపులకు వంపులోని నీరు ఒలికిపోతుంది. నేలకూ ట్యాంకుకూ మధ్య వంపు పట్టేంత ఎత్తు ఉండదు. వంపును దాటించాలంటే బోలెడు నీళ్లు పోయాలి, బండిలో మోసుకుపోయేదే కొద్ది నీరు. అందువల్ల ట్రైలర్ దొడ్డిలో బేసిన్ నుంచి ట్యాంకులోకి నిలువు దారి ఒక్కటే ఉంటుంది. ఆ దారిని మూసే పలకా, పలక చుట్టూ ఉన్న రబ్బరు వలయమూ, వాటి మీద నిలిచే నాలుగు వేళ్ల నీరూ కలిసి కమ్మింగ్ నమూనాలో రెండు అంచెలు చేసిన పనిని ఒక్క అంచెలో చేయాలి. చక్రాల మీది మరుగుదొడ్డి బలహీనత అంతా ఇక్కడే ఉంది.

అమెరికాలో వాలీ బయమ్ 1931లో ఎయిర్‌స్ట్రీమ్ కంపెనీని స్థాపించిన నాటి నుంచి ట్రైలర్ ఇళ్లకు ఆదరణ పెరుగుతూ వచ్చింది. వాటి మరుగుదొడ్లకే ప్రత్యేకించిన థెట్‌ఫోర్డ్ కంపెనీ 1963లో మిషిగన్ రాష్ట్రంలో మొదలైంది. 1960లు, 70ల నాటి ట్రైలర్లలో నేటికీ పనిచేసే దొడ్ల అమరిక దాదాపు ఒకటే. కాలితో తొక్కే పెడల్ పలకను తెరుస్తుంది, అదే తొక్కుడుతో నీటి వాల్వు తెరుచుకుంటుంది. నీటి గొట్టం మీద ఒక చిన్న ప్లాస్టిక్ భాగం ఉంటుంది. పంపు ఆగినప్పుడు బేసిన్‌లోని మురికి నీరు తాగునీటి గొట్టంలోకి వెనక్కి పీల్చుకుపోకుండా ఆపడం దాని పని. దొడ్డి పీట నేలకు బోల్టులతో బిగించి ఉంటుంది, పీట కింద మరో రబ్బరు సీలు. ట్యాంకు నుంచి ఒక గాలి గొట్టం పైకప్పు దాకా పోతుంది. ట్యాంకు చివర 3 అంగుళాల గేట్ వాల్వు, దాని మీద మూత. ఇవి తప్ప ఇందులో దాచిన యంత్రాంగం ఏదీ లేదు. స్పానరు, స్క్రూడ్రైవరు పట్టడం తెలిసిన ఏ ప్లంబరైనా దీన్ని విప్పి బిగించగలడు.

లోపాలు, వాటి మరమ్మతు

ఎక్కువగా కనిపించే లోపం బేసిన్‌లో నీరు నిలవకపోవడం. రాత్రి పోసిన నీరు తెల్లారేసరికి ట్యాంకులోకి జారిపోతుంది, గది నిండా వాసన. చూడగానే సీలు అరిగిందనిపిస్తుంది గానీ చాలాసార్లు అది అరగదు, దాని కింద కాగితం పీలికలూ ఉప్పు గారా చేరతాయి. ముందు నీటి పంపు ఆపి, ట్యాంకు ఖాళీ చేసి, చేతికి రబ్బరు తొడుగులు వేసుకుని, పెడల్ తొక్కిపట్టి పలకను తెరిచి ఉంచాలి. అప్పుడు వలయం కింది పెదవి కనిపిస్తుంది. పాత టూత్‌బ్రష్‌తో ఆ పెదవి కింద, పలక జారే గాడిలో చుట్టూ రుద్దాలి. గార గట్టిపడి ఉంటే వెనిగర్‌లో తడిపిన గుడ్డను అక్కడ కాసేపు నొక్కి ఉంచితే మెత్తబడుతుంది. తర్వాత తుడిచి, ఆరనిచ్చి, వలయమంతా సిలికాన్ గ్రీజు పలచగా పూయాలి. వాసెలిన్, ఇంజిన్ ఆయిలు వంటి పెట్రోలియం సరుకు పూస్తే రబ్బరు ఉబ్బి, మెత్తబడి, కొద్ది నెలల్లో పాడైపోతుంది. కారుతున్నది కాస్తా ఆ పూతతో శాశ్వతంగా కారడం మొదలవుతుంది. శుభ్రం చేసినా నీరు నిలవకపోతే అప్పుడే వలయం మార్చాలి. బండి నెలల తరబడి నిలిపి ఉంచినప్పుడు రబ్బరు ఎండి పగులుతుంది కాబట్టి వాడకం లేని రోజుల్లోనూ బేసిన్‌లో కాస్త నీరు ఉంచడం మంచిది.

పీట చుట్టూ నేల తడిసిందంటే కారణం ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. పెడల్ తొక్కినప్పుడే వెనక నుంచి నీరు చిమ్మితే తప్పు వెనక్కి పీల్చనివ్వని ఆ ప్లాస్టిక్ భాగానిది. తొక్కకపోయినా నీరు ఊరుతుంటే నీటి వాల్వు పగిలింది. తడి మురికిగా ఉండి వాసన కొడితే పీట కింది సీలు పోయింది. మూడింటికీ మరమ్మతు వేరు కాబట్టి కారణం తెలియకుండా విప్పడం దండగ. పీటను తిరిగి బిగించేటప్పుడు బోల్టులను అటొకసారి ఇటొకసారి కొద్దికొద్దిగా తిప్పాలి. బలం చూపితే పాత ప్లాస్టిక్ పీట పగులుతుంది, ఆ నమూనా పీట మళ్లీ దొరకడం కష్టం. పుదుచ్చేరి, విశాఖపట్నం వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఇనుప బోల్టులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్ స్టీలువో ఇత్తడివో వేయాలి. పీట తీసినప్పుడు కింది ప్లైవుడ్‌ను స్క్రూడ్రైవరుతో పొడిచి చూడడం తప్పనిసరి. చెక్క మెత్తగా దిగిపోతే ఎంత కొత్త సీలు వేసినా పీట కదులుతుంది, కదిలిన పీట సీలును మళ్లీ కోస్తుంది. పాత ట్రైలర్లలో పదేపదే తిరిగొచ్చే లీకులకు చాలావరకు ఈ కుళ్లిన చెక్కే మూలం.

మూడో కష్టం ట్యాంకులో ఉంటుంది. ఒకచోట ఎక్కువ రోజులు ఆగినప్పుడు కింది గేట్ వాల్వును తెరిచే ఉంచడం చాలామందికి అలవాటు. నీరంతా పారిపోయి గట్టి పదార్థం అక్కడే కుప్ప పడి ఆరిపోతుంది. దాన్ని కదిలించడం ఎంత కష్టమో శుభ్రం చేసేవాళ్లను అడగాలి. వాల్వు మూసి ఉంచి, ట్యాంకు మూడింట రెండు వంతులు నిండిన తర్వాత ఒక్కసారిగా తెరిస్తే నీటి బరువే అంతా తోసుకుపోతుంది. ఖాళీ చేశాక కడిగి, మళ్లీ మూసి, ట్యాంకు అడుగు మునిగేంత నీరు పోసి వదలాలి. గేట్ వాల్వు బిగుసుకుపోతే లాగి విరగ్గొట్టకూడదు. ట్యాంకు ఖాళీ చేసి, నాలుగు బోల్టులు విప్పి, రెండు వైపుల సీళ్లూ మార్చి బిగించడం పెద్ద పని కాదు. పైకప్పు మీది గాలి గొట్టంలో కందిరీగలు గూడు కట్టినా, ఆకులు పడినా ట్యాంకులోని వాయువుకు బయటి దారి మూసుకుపోతుంది. అది గదిలోకే రావాలి. ఏటా ఒకసారి గొట్టం పైకొస చూసి రావడం ఏ మందు కన్నా మేలు.

వాసనా, మందులూ

ట్యాంకు వాసనకు విరుగుడుగా అమ్మే మందులు రెండు రకాలు. ఫార్మాల్డిహైడ్ వంటివి సూక్ష్మజీవులను చంపి కుళ్లడాన్ని ఆపుతాయి. ఎంజైములు, బ్యాక్టీరియా ఉన్నవి కుళ్లడాన్ని వేగవంతం చేస్తాయి. మొదటి రకం మందు కలిసిన వ్యర్థాన్ని సెప్టిక్ ట్యాంకులోనో శుద్ధి కేంద్రంలోనో పోస్తే అక్కడ పనిచేసే బ్యాక్టీరియా కూడా చస్తుంది. బండిలో సుఖం కోసం ఊరి శుద్ధిని చెడగొట్టినట్టవుతుంది. ఫినాయిలు, బ్లీచింగ్ కూడా అదే కోవలోకి వస్తాయి, పైగా బ్లీచింగ్ రబ్బరు సీళ్లను తింటుంది. మందు లేకపోతే వాసన ఎలా ఆగుతుందన్న ప్రశ్న న్యాయమైనదే. మంచి సీలు, తెరుచుకున్న గాలి గొట్టం, ట్యాంకులో చాలినంత నీరు ఉంటే వాసన గదిలోకి వచ్చే దారి ఉండదు. వాసన వస్తోందంటే వాటిలో ఏదో చెడిందన్నమాట. మందు ఆ సూచనను కప్పిపెట్టి లోపాన్ని ముదరనిస్తుంది.

ఇది ముక్కుకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. గాలి తగలని మలంలో మీథేన్, కార్బన్ డయాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మీథేన్ అంటుకుంటుంది, అదే బండిలో వంటగ్యాసు పొయ్యి ఉంటుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్ల వాసన కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కును మొద్దుబార్చి వాసనే తెలియకుండా చేస్తుంది, ఆ పైన ప్రాణం తీస్తుంది. పుదుచ్చేరి ఊళ్లో నెల్లితోపు దాటి పడమరగా పోతే వచ్చే రెడ్డియార్‌పాళయంలో, పుదునగర్ అనే పేటలో, 2024 జూన్ 11న ఇదే జరిగింది. మురుగు కాలువలోని విషవాయువు ఇళ్ల మరుగుదొడ్ల గుండా లోపలికి వచ్చి ముగ్గురు చనిపోయారు. వాళ్లలో ఒకరు బడికి వెళ్లే వయసు అమ్మాయి. అక్కడి దొడ్లు చక్రాల మీద లేవు, ఊరి మురుగు వ్యవస్థకు కలిపినవి. అయినా ఆ ఘటన చెప్పేది ట్రైలర్ యజమానికీ వర్తిస్తుంది. మనిషికీ ఆ వాయువుకూ మధ్య నిలిచేది గుప్పెడు నీరూ, దాన్ని నిలిపే ఒక అమరికా మాత్రమే. ఇంట్లో అది వంపు గొట్టం, బండిలో రబ్బరు వలయం. వలయం మార్చడం సౌఖ్యం కోసం చేసే పని అనుకోవడం పొరపాటు.

రైలు పెట్టెలు చెప్పే సాక్ష్యం

తెలుగువాళ్లలో ఎక్కువమంది వాడే చక్రాల మరుగుదొడ్డి రైలుదే. కాకినాడ నుంచి పుదుచ్చేరికి నడిచే సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో యానాం ప్రజలు తమ రాజధానికి వస్తారు. హౌరా, భువనేశ్వర్‌ల నుంచి వచ్చే పుదుచ్చేరి రైళ్లూ విశాఖ, విజయవాడల మీదుగానే వస్తాయి. ఒకప్పుడు ఈ పెట్టెల దొడ్లు నేరుగా పట్టాల మీదికి తెరుచుకునేవి. రైల్వే, రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ కలిసి తయారుచేసిన బయో టాయ్‌లెట్లు 2011లో గ్వాలియర్, వారణాసి మధ్య నడిచే బుందేల్‌ఖండ్ ఎక్స్‌ప్రెస్‌తో మొదలయ్యాయి. పెట్టె కింది స్టీలు ట్యాంకులో గాలి అక్కరలేని బ్యాక్టీరియా మలాన్ని నీరుగా, వాయువులుగా మారుస్తుంది. ఆ నీటిని క్లోరిన్‌తో శుద్ధి చేసి వదులుతారు. 2016లో తమిళనాడులోని మానామదురై, రామేశ్వరం మధ్య 114 కిలోమీటర్ల మార్గం పట్టాల మీద మలం పడని తొలి హరిత మార్గమైంది. ఆ దశాబ్దం ముగిసేసరికి దేశంలోని దాదాపు అన్ని ప్రయాణికుల పెట్టెలకూ ఇవి అమరాయి. ఇంత తక్కువ కాలంలో ఇంత పెద్ద మార్పు తేవడం చిన్న విజయం కాదు.

అయితే అమర్చడం ఒక ఎత్తు, నడపడం ఒక ఎత్తు. బయో టాయ్‌లెట్ల మీద ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ 2017లో ఇచ్చిన నివేదిక, పరిశీలించిన సుమారు 25 వేల దొడ్లలో 2016-17 ఒక్క ఏడాదిలో దాదాపు 2 లక్షల లోపాలు నమోదయ్యాయని తేల్చింది. అందులో సగానికి పైగా పూడుకుపోవడమే. లోపల దొరికినవి నీళ్ల సీసాలు, టీ కప్పులు, గుడ్డలు, గుట్కా పొట్లాలు, శానిటరీ నాప్‌కిన్లు. చాలా పెట్టెల్లో చెత్తబుట్ట లేదు, మగ్గు లేదు. వీటిని చూపి తప్పంతా ప్రయాణికులదే అనడం సులువు. కానీ చెత్తబుట్ట లేని గదిలో నాప్‌కిన్ ఎక్కడ వేయాలి? బుట్ట పెట్టడమూ నిర్వహణలో భాగమే. బ్యాక్టీరియా అంతా చూసుకుంటుందన్న నమ్మకంతో మిగిలిన పనులను చిన్నచూపు చూడటం వల్ల వచ్చిన ఫలితం ఇది. బయో డైజెస్టర్ల పనితీరును పరిశీలించిన ఐఐటీ మద్రాస్ పరిశోధకులు కూడా అవి మామూలు సెప్టిక్ ట్యాంకు కన్నా మెరుగ్గా పనిచేయడం లేదని తేల్చారు. వందే భారత్ వంటి కొత్త రైళ్లలోని వాక్యూమ్ దొడ్లు ఒక లీటరు లోపు నీటితోనే శుభ్రమవుతాయి. కానీ వాటిలోనూ ఒక్క ప్లాస్టిక్ సంచి గొట్టాన్ని మూసేయగలదు. పరికరం మారితే లోపం చోటు మారుతుంది, నిర్వహణ అవసరం పోదు. లాలాగూడ, తిరుపతి క్యారేజ్ వర్క్‌షాపుల్లో పెట్టెలకు నిర్ణీత గడువుల్లో జరిగే ఓవర్‌హాలింగ్, పిట్ లైన్ల మీద ట్రిప్పు ట్రిప్పుకూ జరిగే తనిఖీ అందుకే కొత్త పరికరమంత ముఖ్యం.

కొత్తది కొనరాదా?

పాత ట్రైలర్ దొడ్డి మీద ఇంత శ్రమ దేనికి, తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు కదా అన్నది బలమైన ఆక్షేపణ. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. పీట పగిలితే, విడిభాగాలు ఎక్కడా దొరకకపోతే, ట్యాంకే చిల్లులు పడితే మార్చడమే తెలివి. అయితే కొత్త పీట పాత నేల మీదే కూర్చోవాలి, పాత ట్యాంకుకే తగలాలి. ఎత్తు తేడా వస్తే నీటి గొట్టం, గది తలుపు కూడా మార్చాల్సి వస్తుంది. ఏడాది తిరిగేసరికి కొత్త సీలు కింద కూడా అదే గార చేరుతుంది. శుభ్రం చేయడం రాని చేతిలో కొత్త దొడ్డి కూడా త్వరలోనే పాతదవుతుంది. శుభ్రం చేయడం వచ్చిన చేతిలో పాతది మరో పదేళ్లు నడుస్తుంది. అందువల్ల ముందు విప్పి, కడిగి, సీలు మార్చి చూడాలి. ఆ పైన కూడా లొంగకపోతేనే కొత్తది.

మన దేశంలో ట్రైలర్లు ఎన్ని ఉన్నాయి గనక అన్నది మరో ఆక్షేపణ. హైదరాబాద్ స్టూడియోల చుట్టూ తిరిగే కారవాన్లు ఉన్నాయి. కేరళ 2021లో కారవాన్ పర్యాటక విధానం తెచ్చింది, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ ప్రయత్నాలు మొదలయ్యాయి. అమెరికాలో సెలవులకు ట్రైలర్ అద్దెకు తీసుకునే తెలుగు కుటుంబాలవాళ్లు అక్కడి క్యాంపు మైదానాల్లో ట్యాంకు ఖాళీ చేసే చోటు తప్పకుండా చూస్తారు. గేట్ వాల్వుకు గొట్టం తగిలించి, మురుగు వ్యవస్థకు కలిపిన మూతలోకి వదిలి, కడిగి, మూసి వెళ్లిపోతారు. ఇక్కడ పర్యాటక బండ్లు పెరుగుతున్నాయి గాని అలాంటి చోట్లు కనిపించవు. ట్యాంకు నిండితే సెప్టిక్ ట్యాంకు లారీని పిలవాలి, లేదా ఏ కాలువ పక్కనో వాల్వు తెరవాలి. రెండోది జరిగిన చోట అంతవరకు చేసిన మరమ్మతంతా వృథా.

చివరి మెట్టు

2013లో వచ్చిన చట్టం మానవ మలాన్ని చేతులతో ఎత్తించే పనిని నిషేధించింది. ఆ పని జరిగే చోట్లలో రైలు పట్టాలను కూడా పేర్కొంది. తగిన రక్షణ లేకుండా మురుగు కాలువల్లోకి, సెప్టిక్ ట్యాంకుల్లోకి మనిషిని దింపడం కూడా నేరమని చెప్పింది. సఫాయి కర్మచారి ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు 2014 మార్చి 27న ఇచ్చిన తీర్పు దీన్ని మరింత గట్టిపరిచింది. ఆ ఉద్యమాన్ని నడిపిన బెజవాడ విల్సన్‌కు 2016లో మెగసెసే పురస్కారం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ ఆ ఉద్యమానికి పెద్ద దిక్కుగా నిలిచారు. మరుగుదొడ్డి మరమ్మతు గురించిన వ్యాసంలో ఈ పేర్లు రావలసిన అవసరం ఉంది. గేట్ వాల్వు పూడుకుపోయేలా వాడినవాళ్లు ఒకరు, దాన్ని చేతితో కదిలించవలసి వచ్చేవాళ్లు మరొకరు. తాము వాడిన దొడ్డిని తామే కడిగి, తామే ఖాళీ చేసుకోవడం ఈ దేశంలో పారిశుద్ధ్యం మాత్రమే కాదు, సాటి మనిషికి ఇచ్చే గౌరవం.

యజమాని చేయవలసినవి కొద్దే: ఏటా సీలుకు సిలికాన్ గ్రీజు, గాలి గొట్టం తనిఖీ, నేల చెక్క పరీక్ష, ట్యాంకులో చాలినంత నీరు, బేసిన్‌లో మలం, నీరు, కరిగే కాగితం తప్ప మరేదీ వేయకపోవడం. ప్రభుత్వాలు చేయవలసినది ఒక్కటే, కానీ అదే పెద్దది. పుదుచ్చేరి సముద్రతీరంలోనైనా, భీమిలిలోనైనా, గండికోటలోనైనా కారవాన్‌కు నిలిచే చోటు చూపించేవాళ్లు, ట్యాంకు ఖాళీ చేయడానికి శుద్ధి కేంద్రంతో కలిపిన చోటును కూడా అక్కడే కట్టాలి. ఆ చోటు కట్టకుండా ఏ బండికీ పర్యాటక అనుమతి ఇవ్వకూడదు.